కీమోథెరపీ రహిత లింఫోమా చికిత్స: ఔషధ పరీక్షలు ఏమి తేల్చాయి?

ప్రత్యేక వ్యాసం

సోమందేపల్లి (శ్రీ సత్యసాయి జిల్లా): మెడ, చంక, గజ్జల్లో బిళ్లలు కట్టి వారాలు గడిచినా తగ్గకపోవడం లింఫోమా అనే క్యాన్సర్‌కు తొలి సూచన కావచ్చు. దశాబ్దాలుగా ఈ వ్యాధికి ప్రధాన చికిత్స కీమోథెరపీ. జుట్టు రాలడం, వాంతులు, రక్తకణాలు తగ్గడం, ఇన్ఫెక్షన్లు సోకడం వంటి ఇబ్బందుల వల్ల ఈ చికిత్స పేరు వినగానే రోగులు, వారి కుటుంబ సభ్యులు భయపడటం సహజం. ఈ నేపథ్యంలో కీమోథెరపీ మందులు లేకుండా ఇతర ఔషధాల కలయికతో లింఫోమాను అదుపు చేసే ప్రయత్నాలు ప్రపంచవ్యాప్తంగా సాగుతున్నాయి. వీటిలో కొన్ని సఫలమయ్యాయి. కొన్ని పాత చికిత్సతో సమానంగా నిలిచాయి. హైదరాబాదు పరిశోధనతో సంబంధం ఉన్న ఒక ఔషధం అనుమతి పొందిన ఏడాదిన్నర లోపే మార్కెట్ నుండి వైదొలగింది.

జాతీయ రహదారి 44 పై, పెనుకొండ–హిందూపురం మార్గంలో ఉన్న సోమందేపల్లి మండల ప్రజలు క్యాన్సర్ చికిత్స కోసం అనంతపురం, తిరుపతి, బెంగళూరు వంటి నగరాలకు వెళ్లవలసి ఉంటుంది. బెంగళూరు ఇక్కడికి వంద కిలోమీటర్లకు పైగా దూరం. ఇంత ప్రయాసకు ఓర్చి చికిత్సకు వెళ్లే కుటుంబానికి "కీమో అవసరం లేని మందులు వచ్చాయి" అన్న వార్త పెద్ద ఊరట. ఆ వార్త ఏ రకం లింఫోమాకు వర్తిస్తుందో తెలియకపోతే అదే వార్త ప్రాణాంతకమూ కాగలదు. ఈ అంశంపై పాత్రికేయులకు, వైద్య ఆరోగ్య శాఖ అధికారులకు, క్షేత్రస్థాయి సిబ్బందికి అవగాహన కల్పించడం ఈ వ్యాసం ఉద్దేశం.

లింఫోమా ఒక్క వ్యాధి కాదు

శరీరంలో రోగనిరోధక శక్తికి మూలమైన తెల్ల రక్తకణాలలో లింఫోసైట్లు ఒక రకం. ఇవి అదుపు తప్పి పెరగడమే లింఫోమా. 1832లో ఆంగ్ల వైద్యుడు థామస్ హాడ్జ్‌కిన్ వర్ణించిన వ్యాధిని ఆయన పేరుతో హాడ్జ్‌కిన్ లింఫోమా అని వ్యవహరిస్తున్నారు. మిగిలిన వాటన్నింటినీ కలిపి నాన్-హాడ్జ్‌కిన్ లింఫోమా అంటారు.

నాన్-హాడ్జ్‌కిన్ వర్గంలోనూ ఎన్నో రకాలు ఉన్నాయి. డిఫ్యూజ్ లార్జ్ బి-సెల్ లింఫోమా వేగంగా పెరుగుతుంది. చికిత్స చేయకపోతే నెలల వ్యవధిలోనే ప్రాణాపాయం కలుగుతుంది. అయితే సకాలంలో చికిత్స అందితే అత్యధికులకు పూర్తిగా నయమయ్యే వ్యాధి కూడా ఇదే. ఫాలిక్యులర్ లింఫోమా దీనికి భిన్నమైనది. అది నెమ్మదిగా పెరుగుతుంది, ఏళ్ల తరబడి అదుపులో ఉంటుంది, కానీ మళ్లీ మళ్లీ తిరగబెడుతుంది. మాంటిల్ సెల్, మార్జినల్ జోన్ అనే రకాలు మరో రెండు. దీర్ఘకాలిక లింఫోసైటిక్ ల్యుకేమియా పేరుకు రక్త క్యాన్సర్ అయినా, దీనిని లింఫోమా కుటుంబంలోనిదిగానే వైద్యులు పరిగణిస్తారు.

ఈ తేడాలు తెలిస్తేనే కీమో రహిత చికిత్స చర్చ అర్థమవుతుంది. నెమ్మదిగా పెరిగే రకాలలో పనిచేసిన ఔషధం వేగంగా పెరిగే రకాలలో పనిచేస్తుందన్న హామీ లేదు.

కీమోథెరపీ సాధించినది

కీమోథెరపీ చరిత్రలో తెలుగువారికి విశిష్ట స్థానం ఉంది. 1895లో భీమవరంలో జన్మించిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలల్లో సాగించిన పరిశోధనల ఫలితంగా అమినోప్టెరిన్ రూపొందింది. దీనిని బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ సోకిన పిల్లలకు ఇచ్చి, వ్యాధి తాత్కాలికంగా తగ్గినట్లు 1948లో ప్రకటించారు. ఇదే కోవకు చెందిన మెథోట్రెక్సేట్‌ను కొన్ని రకాల లింఫోమాల చికిత్సలో నేటికీ వాడుతున్నారు.

1970వ దశకం నుండి సైక్లోఫాస్ఫమైడ్, డాక్సోరుబిసిన్, విన్‌క్రిస్టిన్, ప్రెడ్నిసొలోన్ అనే నాలుగు మందుల కలయిక అయిన 'చాప్' చికిత్స వాడుకలోకి వచ్చింది. లింఫోసైట్లపై ఉండే సీడీ 20 అనే గుర్తును పట్టుకొని దాడి చేసే రిటుక్సిమాబ్ అనే యాంటీబాడీకి 1997 నవంబరులో అమెరికాలో అనుమతి లభించింది. ఫ్రాన్స్ కేంద్రంగా 60 నుండి 80 ఏళ్ల వయసు గల 399 మంది రోగులపై జరిపిన పరీక్ష ఫలితాలు 2002లో వెలువడ్డాయి. చాప్ ఒక్కటే తీసుకున్నవారిలో 63 శాతం మందికి వ్యాధి లక్షణాలు పూర్తిగా తొలగగా, రిటుక్సిమాబ్ కలిపి తీసుకున్నవారిలో 76 శాతం మందికి తొలగాయి. రెండేళ్ల తర్వాత జీవించి ఉన్నవారు మొదటి వర్గంలో 57 శాతం, రెండవ వర్గంలో 70 శాతం. 'ఆర్-చాప్' అని పిలిచే ఈ చికిత్స వేగంగా పెరిగే లింఫోమాకు ప్రామాణికమైంది.

ఇక్కడ రిటుక్సిమాబ్ కీమోథెరపీని తొలగించలేదు, దానికి తోడుగా నిలిచింది. కీమోను పూర్తిగా పక్కన పెట్టవచ్చునా అన్న ప్రశ్న ఆ తర్వాత ముందుకు వచ్చింది.

2007 – ధర, ప్రాప్తి

కొత్త ఔషధం కనుగొనడం ఒక ఎత్తు, అది మారుమూల మండలంలోని రోగికి చేరడం మరో ఎత్తు. ఈ రెండింటి దృష్ట్యా 2007 ముఖ్యమైన సంవత్సరం. హైదరాబాదుకు చెందిన డాక్టర్ రెడ్డీస్ లేబొరేటరీస్ ఆ ఏడాది 'రెడిటక్స్' పేరిట రిటుక్సిమాబ్ బయోసిమిలర్‌ను మన దేశంలో విడుదల చేసింది. మూల ఔషధానికి దగ్గరి సారూప్యం గల ఈ తరహా మందు రావడంతో ధర తగ్గి, మరింత మంది రోగులకు అందుబాటులోకి వచ్చింది.

అదే ఏడాది ఏప్రిల్ 1న రాజీవ్ ఆరోగ్యశ్రీ పథకం అనంతపురం, మహబూబ్‌నగర్, శ్రీకాకుళం జిల్లాల్లో తొలి దశగా ప్రారంభమైంది. సోమందేపల్లి అప్పట్లో అనంతపురం జిల్లాలో భాగం. ఆ విధంగా, పేద కుటుంబాలకు క్యాన్సర్ వంటి పెద్ద జబ్బులకు నగదు రహిత చికిత్స లభించిన తొలి ప్రాంతాలలో ఈ మండలం ఒకటి. 2022 ఏప్రిల్ 4న పుట్టపర్తి కేంద్రంగా శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడింది. పథకం ప్రస్తుతం డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ పేరిట అమలవుతున్నది.

కీమో రహితం అంటే మందులు లేకపోవడం కాదు

కీమోథెరపీ మందులు వేగంగా విభజన చెందే కణాలన్నింటినీ దెబ్బతీస్తాయి. అందుకే క్యాన్సర్ కణాలతో పాటు జుట్టు మూలాలు, పేగు లోపలి పొర, ఎముక మజ్జ కూడా దెబ్బతింటాయి. కీమో రహిత ఔషధాలు క్యాన్సర్ కణం బ్రతకడానికి ఆధారపడే ఒక నిర్దిష్ట మార్గాన్ని అడ్డుకుంటాయి, లేదా రోగనిరోధక వ్యవస్థను ఆ కణంపైకి ఉసిగొల్పుతాయి. రిటుక్సిమాబ్, ఒబినుటుజుమాబ్ అనే యాంటీబాడీలు, రోగనిరోధక చర్యను మార్చే లెనలిడొమైడ్, బీటీకే అనే ఎంజైమును అడ్డుకునే ఇబ్రుటినిబ్, కణం మరణాన్ని ఆపే ప్రోటీనును నిరోధించే వెనెటోక్లాక్స్ వీటిలో ముఖ్యమైనవి.

ఈ ఔషధాలకూ దుష్ప్రభావాలు ఉన్నాయి. లెనలిడొమైడ్ వల్ల తెల్ల కణాలు తగ్గడం, రక్తం గడ్డకట్టడం, చర్మంపై దద్దుర్లు రావచ్చు. గర్భస్థ శిశువుకు ఇది తీవ్ర హాని చేస్తుంది. ఇబ్రుటినిబ్ వల్ల గుండె లయ తప్పడం, రక్తస్రావం జరిగే ప్రమాదం ఉంది. రిటుక్సిమాబ్ వల్ల శరీరంలో నిద్రాణంగా ఉన్న హెపటైటిస్-బి తిరిగి విజృంభించవచ్చు. కనుక చికిత్సకు ముందే ఆ రక్తపరీక్ష తప్పనిసరి. వీటిలో చాలావరకు ఇంటి వద్ద మింగే మాత్రలు. మాత్రలు కావడం సౌకర్యమే అయినా, దుష్ప్రభావం మొదలైనప్పుడు గుర్తించేవారు దగ్గరలో లేకపోతే ఆ సౌకర్యమే ఇబ్బందిగా మారుతుంది.

ఖర్చు లెక్క కూడా భిన్నంగా ఉంటుంది. ఆర్-చాప్ సాధారణంగా ఆరు విడతలతో ముగుస్తుంది. బీటీకే నిరోధక మాత్రలను వ్యాధి అదుపులో ఉన్నంతకాలం ప్రతిరోజూ వేసుకోవలసి రావచ్చు. మందు నడుమ ఆగిపోతే వ్యాధి అదుపు తప్పే ప్రమాదం ఉంది.

పోల్చి చూసిన పరీక్షల ఫలితాలు

ఒక ఔషధం బాగా పనిచేసిందని చెప్పడానికి అది ఎంతమందికి గుణమిచ్చిందన్నది ఒక్కటే చాలదు. ప్రస్తుత చికిత్సతో పక్కపక్కన పోల్చి చూడాలి. అటువంటి పరీక్షలలో ముఖ్యమైన వాటి ఫలితాలు ఈ విధంగా ఉన్నాయి.

ఫాలిక్యులర్ లింఫోమాకు ఇంతకుముందు చికిత్స పొందని 1,030 మందిపై 'రెలవెన్స్' అనే అంతర్జాతీయ పరీక్ష జరిగింది. ఒక వర్గానికి లెనలిడొమైడ్‌తో కలిపి రిటుక్సిమాబ్, రెండవ వర్గానికి కీమోథెరపీతో కలిపి రిటుక్సిమాబ్ ఇచ్చారు. 2018లో వెలువడిన ఫలితాల ప్రకారం, మూడేళ్ల వరకు వ్యాధి ముదరకుండా ఉన్నవారు కీమో రహిత వర్గంలో 77 శాతం, కీమో వర్గంలో 78 శాతం. కీమో రహిత చికిత్స మెరుగైనదని నిరూపించడానికి చేపట్టిన ఈ పరీక్షలో ఆ విషయం నిరూపితం కాలేదు. రెండూ దాదాపు సమానంగా నిలిచాయి. దుష్ప్రభావాల తీరు మాత్రం మారింది. తెల్ల కణాలు తీవ్రంగా తగ్గడం కీమో వర్గంలో 50 శాతం మందిలో, కీమో రహిత వర్గంలో 32 శాతం మందిలో కనిపించింది. తీవ్రమైన చర్మ సమస్యలు కీమో రహిత వర్గంలోనే ఎక్కువ.

వ్యాధి తిరగబెట్టిన 358 మందిపై జరిగిన 'ఆగ్‌మెంట్' పరీక్షలో ఫలితం స్పష్టంగా వచ్చింది. రిటుక్సిమాబ్ ఒక్కటే తీసుకున్నవారిలో వ్యాధి ముదరకుండా గడిచిన మధ్యస్థ కాలం 14.1 నెలలు కాగా, లెనలిడొమైడ్ చేర్చినప్పుడు అది 39.4 నెలలకు పెరిగింది. దీని ఆధారంగా 2019 మే నెలలో అమెరికాలో ఈ కలయికకు అనుమతి లభించింది. ఈ రెండు ఔషధాలనూ హైదరాబాదు కంపెనీలు తయారు చేస్తుండటం గమనార్హం.

మాంటిల్ సెల్ లింఫోమా సోకిన 60 ఏళ్లు దాటిన 397 మందిపై బ్రిటన్, నార్డిక్ దేశాలలో 'ఎన్‌రిచ్' పరీక్ష జరిగింది. 2024 డిసెంబరులో ప్రకటించిన ఫలితాల ప్రకారం ఇబ్రుటినిబ్, రిటుక్సిమాబ్ కలయిక తీసుకున్నవారిలో వ్యాధి ముదరని మధ్యస్థ కాలం 65.3 నెలలు, కీమోతో కూడిన చికిత్స తీసుకున్నవారిలో 42.4 నెలలు. అయితే కీమో మందులలో బెండామస్టీన్ వాడిన వారితో పోల్చినప్పుడు తేడా స్వల్పమే.

వేగంగా పెరిగే రకంలో పరిస్థితి మరింత సంక్లిష్టం. అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ వెనెటోక్లాక్స్, ఇబ్రుటినిబ్, ప్రెడ్నిసోన్, ఒబినుటుజుమాబ్, లెనలిడొమైడ్ అనే ఐదు ఔషధాల 'వైపోర్' కలయికను పరీక్షించింది. ఇతర చికిత్సలు విఫలమైన 50 మంది డిఫ్యూజ్ లార్జ్ బి-సెల్ లింఫోమా రోగులు ఇందులో పాల్గొన్నారు. 2024 జూన్‌లో వెలువడిన ఫలితాల ప్రకారం, అంచనా వేయగలిగిన 48 మందిలో 54 శాతం మందికి గడ్డలు తగ్గాయి. 38 శాతం మందికి వ్యాధి జాడలు పూర్తిగా తొలగాయి. రెండేళ్ల తర్వాత వ్యాధి ముదరకుండా ఉన్నవారు 34 శాతం. వేరే దారి లేని రోగులలో ఇది విలువైన ఫలితమే. అయితే గుణం కనిపించినది కొన్ని జన్యు ఉపరకాలలోనే. పోల్చి చూసేందుకు మరో వర్గం ఈ పరీక్షలో లేదు. తొలిసారి వ్యాధి బయటపడినవారికి ఆర్-చాప్ బదులు దీనిని ఇవ్వవచ్చని ఈ పరీక్ష చెప్పడం లేదు.

అంబ్రాలిసిబ్ నేర్పిన పాఠం

కీమో రహిత కలయికల చరిత్రలో తెలుగు నేలతో సంబంధం ఉన్న ఔషధం అంబ్రాలిసిబ్. స్విట్జర్లాండు కేంద్రంగా ఉన్న రైజెన్ ఫార్మాస్యూటికల్స్ దీనిని కనుగొన్నది. ఆ సంస్థకు ఇన్‌కోజెన్ పేరిట హైదరాబాదులో పరిశోధనా విభాగం ఉంది. ఔషధం హక్కులను అమెరికాకు చెందిన టీజీ థెరప్యూటిక్స్ పొందింది. తిరగబెట్టిన మార్జినల్ జోన్, ఫాలిక్యులర్ లింఫోమాల చికిత్సకు 2021 ఫిబ్రవరి 5న అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దీనికి సత్వర అనుమతి ఇచ్చింది.

దీనిని ఉబ్లిటుక్సిమాబ్ అనే యాంటీబాడీతో కలిపి దీర్ఘకాలిక లింఫోసైటిక్ ల్యుకేమియా రోగులలో కీమోతో కూడిన చికిత్సతో పోల్చి చూశారు. ఈ కీమో రహిత కలయిక తీసుకున్నవారిలో వ్యాధి ముదరని మధ్యస్థ కాలం 31.9 నెలలు, రెండవ వర్గంలో 17.9 నెలలు. ఈ అంకెలు మాత్రమే చూసినవారికి విజయమే అనిపించింది. అయితే మరికొంత కాలం రోగులను గమనించగా, మరణాల విషయంలో కొత్త కలయిక వెనుకబడినట్లు సూచనలు కనిపించాయి. 2022 ఫిబ్రవరిలో నియంత్రణ సంస్థ హెచ్చరిక జారీ చేసింది. ఏప్రిల్‌లో కంపెనీ తానే ఔషధాన్ని ఉపసంహరించుకున్నది. జూన్ 1న నియంత్రణ సంస్థ అనుమతి ఉపసంహరణను ప్రకటించింది.

వ్యాధి అదుపులో ఉండటం, రోగి ఎక్కువ కాలం జీవించడం ఒకటి కావని ఈ ఉదంతం తెలియజేస్తున్నది. పీఐ3కే నిరోధకాలు అనే ఇదే వర్గంలోని ఐడెలాలిసిబ్ విషయంలోనూ 2016లో మరణాలు, తీవ్ర దుష్ప్రభావాల కారణంగా పలు పరీక్షలను నిలిపివేయవలసి వచ్చింది. దీనిని పరిశోధన వైఫల్యంగా భావించనవసరం లేదు. ఓపికగా సాగిన పరీక్ష వల్లనే ప్రమాదం బయటపడింది. పరీక్ష లేకుండా కేవలం ఆశతో వాడి ఉంటే ఆ ప్రమాదం ఎవరి దృష్టికీ వచ్చేది కాదు.

పరీక్షలో పాల్గొనేవారి హక్కులు

మన దేశంలో ఔషధ పరీక్షలను 2019 మార్చిలో నోటిఫై చేసిన నూతన ఔషధాలు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనల ప్రకారం నిర్వహించాలి. నైతిక విలువల సంఘం ఆమోదం లేకుండా ఏ పరీక్షా ప్రారంభం కారాదు. పాల్గొనే వ్యక్తికి అర్థమయ్యే భాషలో, సాంకేతిక పదాల బరువు లేకుండా వివరించి, లిఖితపూర్వక సమ్మతి తీసుకోవాలి. చదవడం రాని వ్యక్తి అయితే నిష్పాక్షికమైన సాక్షి సమక్షంలో ఈ ప్రక్రియ జరగాలి. కారణం చెప్పకుండానే ఎప్పుడైనా తప్పుకొనే హక్కు పాల్గొనే వ్యక్తికి ఉంది. దానివల్ల మామూలు చికిత్సకు భంగం కలగరాదు. పరీక్ష వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, నిబంధనల మేరకు పరిహారం పొందవచ్చు.

భారత క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ 2007 జూలైలో ప్రారంభమైంది. 2009 జూన్ 15 నుండి పరీక్షల నమోదు తప్పనిసరి అయింది. ఏదైనా ఆసుపత్రిలో పరీక్ష జరుగుతున్నదని తెలిసినప్పుడు ఈ రిజిస్ట్రీలో ఎవరైనా ఉచితంగా సరిచూసుకోవచ్చు. పరీక్షలో ఇచ్చే ఔషధానికి రోగి నుండి డబ్బు అడిగితే సందేహించవలసిందే.

మండల స్థాయిలో చేయవలసినది

లింఫోమాలో తొలి అడ్డంకి మందు కాదు, నిర్ధారణ. మెడలో బిళ్లలు, సాయంత్రం జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం – ఇవి క్షయ వ్యాధిలోనూ కనిపిస్తాయి, లింఫోమాలోనూ కనిపిస్తాయి. మన ప్రాంతంలో క్షయ ఎక్కువ కావడంతో అనుమానం ముందుగా దానిపైకే వెళుతుంది. ముక్క పరీక్ష చేయకుండా నెలల తరబడి క్షయ మందులు వాడితే, నయం కావలసిన లింఫోమా ముదిరిపోతుంది. సూదితో నీరు తీసి చూసే పరీక్ష చాలా సందర్భాలలో రకాన్ని తేల్చలేదు. వీలైనంతవరకు గ్రంథిని పూర్తిగా తీసి పరీక్షకు పంపడం మేలు.

ఈ దృష్ట్యా క్షేత్రస్థాయి సిబ్బంది పాటించదగిన అంశాలు ఇవి:

• మూడు, నాలుగు వారాలు దాటినా తగ్గని బిళ్లలు ఉన్నవారిని ప్రాథమిక ఆరోగ్య కేంద్రం నుండి హిందూపురం లేదా అనంతపురం ప్రభుత్వ ఆసుపత్రికి పంపాలి.

• ముక్క పరీక్ష నివేదికలో "లింఫోమా" అని మాత్రమే ఉంటే సరిపోదు. ఏ రకమో, ఏ ఉపరకమో నమోదు కావాలి. చికిత్స దానిపైనే ఆధారపడి ఉంటుంది.

• వైద్య సేవ పథకం కింద ఏ చికిత్సకు అనుమతి ఉందో ఆసుపత్రిలోని పథకం సహాయ కేంద్రం ద్వారా ముందే నిర్ధారించుకొనేలా కుటుంబానికి తెలియజేయాలి.

• మాత్రలు ఇంటి వద్ద వాడుతున్న రోగికి జ్వరం, రక్తస్రావం, గుండె దడ, కాలి వాపు కనిపిస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలని ఆశా కార్యకర్తలు చెప్పాలి.

• కీమోథెరపీ నడుమ ఆపివేసిన రోగులను గుర్తించి, కారణం తెలుసుకొని, తిరిగి చికిత్సకు పంపాలి.

వార్త రాసే ముందు

కీమో రహిత చికిత్స గురించి వార్త రాసే పాత్రికేయులు, ప్రకటన ఇచ్చే అధికారులు నాలుగు విషయాలు సరిచూసుకోవడం అవసరం. ఏ రకం లింఫోమా? మొదటిసారి చికిత్సా, తిరగబెట్టిన వ్యాధికా? దేనితో పోల్చారు? గడ్డ తగ్గడాన్ని కొలిచారా, రోగి జీవించిన కాలాన్ని కొలిచారా? ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి లోపించినా వార్త అసంపూర్ణమే.

నెమ్మదిగా పెరిగే లింఫోమాలలో, వయసు పైబడినవారిలో, కీమో పనిచేయనివారిలో కొత్త కలయికలు నిజమైన మేలు చేస్తున్నాయి. అదే సమయంలో హాడ్జ్‌కిన్ లింఫోమా, డిఫ్యూజ్ లార్జ్ బి-సెల్ లింఫోమా కీమోతో కూడిన చికిత్స వల్ల నయం కాగల వ్యాధులు. భయంతోనో, సగం తెలిసిన వార్తతోనో ఆ చికిత్సను వదులుకున్న రోగి, నయమయ్యే అవకాశాన్నే వదులుకున్నట్లవుతుంది. సోమందేపల్లి వంటి మండలంలో ఆ అవకాశాన్ని కాపాడటం గ్రామస్థాయి సిబ్బంది మొదలుకొని వార్తా విలేకరి వరకు అందరి బాధ్యత.